పావురాయి ఎయిర్‌లైన్స్, అక్క నవ్వు

రెండున్నరకి ఇంకా నాలుగు నిమిషాలున్నాయి, మంచం పక్క చిన్న బల్ల మీద రేడియోలో ఎవరో పైపుల కంపెనీ గురించి పాట పాడుతున్నారు, అక్క కళ్లు మూసుకుంది కాని నిద్రపోలేదు, నిద్రపోతే నోరు కుడివైపు కాస్త తెరుచుకుంటుంది, ఇప్పుడు మూసే ఉంది, అంటే మెలకువే, అక్కకి పక్షవాతం వచ్చిన ఈ నాలుగు నెలల్లో నేను నేర్చుకున్న చదువు ఇది. నా ఒళ్లో నోట్‌బుక్కు, వేళ్ల మధ్య పెన్సిలు, నోట్‌బుక్కు కింద మాటల టీచరమ్మ ఇచ్చిన కాగితం. అందులో పన్నెండు ప్రశ్నలు. పదకొండింటికి నిన్ననే జవాబులు పెట్టేశాను, ముద్ద మింగగలుగుతున్నారా, పక్కకి తిరగగలుగుతున్నారా, కుడి చెయ్యి ఎంత కదులుతోంది, ఇవన్నీ కళ్లకి కనబడే సంగతులు కాబట్టి సులువు. పన్నెండోది మిగిలింది. ఎదుటివారి మాటలు అర్థం చేసుకుంటున్నారా? పక్కన మూడు చిన్న గళ్లు, అవును, కాదు, చెప్పలేను. అవును అని పెడితే టీచరమ్మ వారానికి మూడు రోజులు ఇంటికే వచ్చి అక్కకి మళ్లీ మాటలు నేర్పుతుంది, అక్క ఈ మంచం మీదే ఈ గదిలోనే నా దగ్గరే ఉంటుంది. మిగతా రెండింట్లో ఏది పెట్టినా ఇవాళ నాలుగు గంటలకి అన్నయ్య వ్యాను తీసుకొచ్చి అక్కని తను ఉండే ఊరికి, మంచాన పడ్డవాళ్లని చూసుకునే చోటుకి తీసుకెళ్లిపోతాడు. అలాగని ముగ్గురం ఒప్పుకున్నాం, నేనూ అన్నయ్యా టీచరమ్మా. నాలుగోమనిషిని అడగలేదు, అడగడం ఎలాగో తెలియక.

అబద్ధంగా అవును పెట్టెయ్యొచ్చు కదా అనుకోకపోలేదు. కాని టీచరమ్మ ముందే చెప్పింది, అర్థమయ్యేవాళ్లకే నేను పనికొస్తానమ్మా, అర్థంకాని మనిషిని కూర్చోబెట్టి రోజూ మాటలు చెప్పమంటే చీకటి గదిలో అద్దం చూపించినట్టే, ఆ మనిషికీ నరకం. పరీక్షలు తనే పెట్టి చూసింది. తలుపు చూపించండి అంది, అక్క నవ్వింది. మీ పేరు ఇదేనా అంది, నవ్వింది. కళ్లు మూసుకోండి అంటే కళ్లు తెరిచే నవ్వింది, తర్వాత ఏడ్చింది, టీచరమ్మ పెన్ను మూత కిందపడితే మళ్లీ నవ్వింది. టీ కావాలా అంటే తల ఊపుతుంది, వద్దా అన్నా ఊపుతుంది. ఆస్పత్రిలో పెద్ద డాక్టరు మొదటే అన్నాడు, అది నవ్వు కాదమ్మా, నరాల పని, లోపల సంతోషమూ ఉండదు, దుఃఖమూ ఉండదు, స్విచ్చు పాడైన దీపంలా అదే వెలుగుతుంది, అదే ఆరుతుంది. ఆ మాట విన్నరోజు నుంచీ నాకు నవ్వంటేనే ఏమిటో తెలియకుండా పోయింది, బస్సులో ఎవరైనా నవ్వినా ఇది ఏ రకం అని చూస్తున్నాను. చివరికి టీచరమ్మ పరీక్షల కట్ట సంచిలో పెట్టేసుకుంటూ అంది, మీ అక్క నవ్వు వెనక ఏముందో నాకు తెలియదు తల్లీ, నేను చూసింది గంటసేపు, నువ్వు చూస్తున్నది పదిహేనేళ్లు, నువ్వే చూసి పెట్టు.

నేను చూడ్డం తెలిసినదాన్నే. కళ్లజోళ్ల దుకాణంలో నా పని అదే, కొత్త అద్దం మీద కనుపాప మధ్యకి సరిగ్గా చుక్క పెట్టడం, ఎదురుగా కూర్చున్న మనిషిని నా ముక్కు మీదికే చూడమని చెప్పి, ఊపిరి బిగబట్టి, సన్న పెన్నుతో. అక్క నన్ను చుక్కమ్మా అని పిలిచేది అందుకే. చుక్క ఒక వెంట్రుక పక్కకి పోతే మనిషికి తలనొప్పి వస్తుంది, మెట్టు ఉన్నచోట మెట్టు కనబడదు. కళ్ల డాక్టరు లోపల అద్దాలు మారుస్తూ ఇది బాగుందా, ఇది బాగుందా అని అడుగుతుంటే చాలామంది చివరికొచ్చేసరికి నీరుగారిపోతారు, ఏమో సార్, రెండూ ఒకేలా ఉన్నాయి అంటారు, ఆ మాట అంటున్నప్పుడు తప్పు చేసినవాళ్లలా మొహం పెడతారు, నాకు నవ్వొచ్చేది. ఇప్పుడు రావడం లేదు. ఇప్పుడా కుర్చీలో నేను కూర్చున్నాను, అర్థమవుతోంది అనే అద్దం వేసుకుని చూస్తే అక్క ప్రతి కదలికా అర్థమైనట్టే ఉంటుంది, అర్థం కావడంలేదు అనే అద్దం వేసుకుని చూస్తే అదే కదలిక నరాల పనిలా ఉంటుంది, రెండూ ఒకేలా ఉన్నాయి.

డప్పులాంటి మోత, తర్వాత విమానం ఇంజను దగ్గు, తర్వాత ఎవరో దాన్ని కాలితో తన్నిన చప్పుడు, అప్పుడు బాకా. వచ్చేసింది. శనివారం రెండున్నర, పావురాయి ఎయిర్‌లైన్స్, ఒకే ఒక్క విమానం, ఎన్నో ఆశలు. అక్క కళ్లు తెరిచింది. ఇది రాసుకోవాలా? బాకా మోతకి ఎవరైనా తెరుస్తారు.

ఆరేళ్ల నుంచీ వింటున్నాం ఈ నాటకం, మొదట్లో నేను వినేదాన్ని కాదు, అక్కే. బస్టాండులో కంట్రోలర్‌గా చేసేది, గాజు గదిలో కూర్చుని ఏ బస్సు ఎప్పుడు ఏ ప్లాట్‌ఫారం మీదికి రావాలో ఎప్పుడు కదలాలో రాసే పని, శనివారం రెండున్నరకి నేను అన్నం క్యారియరు పట్టుకెళ్లేసరికి బల్ల కింద కాళ్ల దగ్గర ఈ చిన్న రేడియో పెట్టుకుని వింటూ ఉండేది, ఒక చెవి దానికి, ఒక చెవి మైకుకి. పావురాయి ఎయిర్‌లైన్స్ ఓనరుకి ముందు సినిమా హాలుండేది, హాలు మూతపడితే ఆ డబ్బుతో విమానం కొన్నాడు, అందుకని కిటికీ సీట్లని బాల్కనీ అంటాడు, మధ్యలో ఇంటర్వెల్ ఇవ్వమంటాడు. కెప్టెన్ పొలాలకి మందు కొట్టే విమానం నడిపి వచ్చినవాడు, అలవాటు పోక ఎక్కడ పచ్చగా కనబడితే అక్కడ కిందికి దింపేస్తాడు. మెకానిక్ ఇంజను విప్పి బిగించిన ప్రతిసారీ కొన్ని నట్లు మిగిలిపోతాయి, వాటిని పారెయ్యడు, మంచి మనిషి, డబ్బాల్లో దాస్తాడు. ఎన్ని డబ్బాలయ్యాయిరా అని ఓనరు అడిగితే, మూడోది నిండొచ్చింది సార్, విమానం మాత్రం రోజురోజుకీ తేలిగ్గా లేస్తోంది సార్ అంటాడు. ఆ మాటకి అక్క నవ్విన నవ్వుకి చేతిలో గ్లాసు మంచినీళ్లు డ్యూటీ రిజిస్టరు మీద ఒలికిపోయాయి. డ్రైవరొకాయన గాజు కన్నంలోంచి తొంగిచూసి, ఏం మేడమ్, నా బండి లేటని చెబితే ఏడుస్తారు, అక్కడ విమానమే లేటంటే నవ్వుతున్నారే అన్నాడు. వాళ్లది నా డ్యూటీలోకి రాదు బాబాయ్, అందుకే నవ్వొస్తోంది, నువ్వు ముందు బండి తియ్యి, అంది అక్క, చీర కొంగుతో రిజిస్టరు తుడుస్తూ. నేను నిలబడి చూస్తున్నాను, ఈ మనిషి ఇంట్లో ఇలా నవ్వదే అనుకుంటూ. పదో తరగతి కాగానే నన్ను ఊళ్లోంచి తీసుకొచ్చి పెట్టుకుంది, అన్నయ్య చదువు ఒక పక్క, నేను ఒక పక్క, ఇంట్లో తను ఎప్పుడూ డ్యూటీలోనే ఉన్నట్టుండేది. అందుకే నాటకం నాకిష్టమైంది. నిజం చెప్పాలంటే నాకు సగం జోకులు అర్థమయ్యేవి కావు, అక్క నవ్వడం కోసం వినేదాన్ని.

రేడియోలో జనం నవ్వారు. సున్నా పెట్టాను. వాళ్లు నవ్వితే సున్నా, అక్క నవ్వితే గీత, ఇద్దరూ కలిస్తే సున్నాలో గీత. పోయిన మూడు వారాల లెక్క ఈ నోట్‌బుక్కులో ఉంది, మొదటివారం పదకొండు సున్నాలకి ఆరింట్లో గీతలు, చూసి ఎగిరి గంతేశాను, అన్నయ్యకి ఫోన్ చేశాను. అన్నయ్య అన్నాడు, చెల్లీ, పక్కవాళ్లు ఆవలిస్తే మనకీ ఆవలింత రాదా? అంతే, నా గంతు కిందపడింది. నిజమే, జనం నవ్వుతున్నారని అక్క నవ్వుతోందేమో, మాట వినే పనిలేదు, హహహా అని మోత వస్తే చాలు. రెండోవారం తొమ్మిదిలో మూడు, మూడోవారం పన్నెండులో ఏడు, కాని అదే వారం పైపుల కంపెనీ పాటకి కూడా రెండుసార్లు నవ్వింది, వార్తల్లో ఎక్కడో వంతెన కూలిందంటే పగలబడి నవ్వింది. ఏం లెక్క కట్టను?

ఇవాళ ఓనరుకి కొత్త ఊళ్లు కావాలట. ఒక్క విమానంతో మూడు ఊళ్లకి తిప్పి పెద్ద కంపెనీ అనిపించుకోవాలట, పేపర్లో ప్రకటన కూడా వేయించేశాడు. కెప్టెన్ అంటున్నాడు, సార్, నాకు కొండ ఊరికి దారి తెలియదు, రైలు పట్టాలు చూసుకుంటూ పోతాను, మధ్యలో సొరంగం వచ్చింది, ఏం చెయ్యమంటారు? సున్నా. పెద్ద సున్నా, జనం విరగబడి నవ్వారు, నాకే నవ్వొచ్చింది, నవ్వుతూ అక్క వైపు చూశాను, అక్క ఫ్యాను వైపు చూస్తోంది. ఖాళీ సున్నా. మెకానిక్ వచ్చాడు, ఇంకో సున్నా, అక్క పెదవి కదిలిందేమో, గీత పెట్టాలా వద్దా, సగం గీత పెట్టాను. ఇదేం కొలత, సగం గీత. గోడ గడియారంలో రెండూ నలభై. అన్నయ్య ఈపాటికి బయల్దేరి ఉంటాడు, వ్యాను వెనక సీటు తీసేసి పరుపు వేయిస్తానన్నాడు, అక్క దుప్పటి ఏదో సంచిలో పెట్టమన్నాడు, పెట్టలేదు, పెడితే జవాబు ముందే రాసేసినట్టవుతుంది.

టికెట్ల అమ్మాయి ఫోనెత్తింది. ఆ నాటకంలో టికెట్లమ్మేదీ విమానంలో నీళ్లిచ్చేదీ సామాన్లు మోసేదీ ఆ అమ్మాయే, ఫోన్లో మాత్రం పెద్ద ఆఫీసులోంచి మాట్లాడినట్టు తియ్యగా సాగదీస్తుంది. చెప్పండి సార్, పావురాయి ఎయిర్‌లైన్స్, కొండ ఊరికా సార్, ఉదయం తొమ్మిదీ పదికి బయల్దేరుతుంది సార్, సరిగ్గా పదింటికి చేరిపోతుంది, తిరుగు ప్రయాణం పదీ ఇరవైకి, పదకొండూ పదికల్లా మళ్లీ ఇక్కడుంటారు సార్, రేవు ఊరికా సార్, అదీ ఉంది, ఇక్కణ్నుంచే, పదీ నలభై ఐదుకి. రేడియోలో ఎవరూ నవ్వలేదు, నవ్వడానికేముంది, బస్టాండులో మైకు చదివినట్టుంది. అక్క నవ్వింది. గొంతులోంచి, బుర్రున, ఆపుకోలేనట్టు, మంచం కిర్రుమంది. జనం నోరు మూసుకుని కూర్చున్నచోట, జోకే లేనిచోట, టైముల పట్టీకి. నరాల పని. డాక్టరు చెప్పిందే. అంతకుముందు రెండు క్షణాలు ఎడమ చేతి బొటనవేలు కూడా అదురుతోంది, మిగతా వేళ్ల మీద అటూ ఇటూ పాకుతోంది, అదీ నరాలే కాబోలు, డాక్టరుకి చెప్పాలి, ఎవరికి చెప్పినా ఇంక ఏముంది. సున్నా లేని గీత పెట్టాను, పక్కన వంకరగా ఊరికే అని రాశాను. కాగితంలో మూడు గళ్లకేసి చూశాను. కాదు అనే గడి మిగతా రెండింటికంటే చిన్నగా కనబడింది, అచ్చు అలా పడిందో నా కళ్లే అలా ఉన్నాయో.

తర్వాత ఏం జరిగిందో కాసేపు వినలేదు. ఏదో ఫోను, ఏదో తలుపు. మళ్లీ వినబడేసరికి గేటు దగ్గర గోలగా ఉంది, రేవు ఊరి ప్రయాణికులు నలభై మంది సామాన్లతో నిలబడి ఉన్నారు, పదీ నలభై ఐదయింది విమానమేదీ అని అరుస్తున్నారు. సరిగ్గా అప్పుడే వైర్‌లెస్‌లో కెప్టెన్ గొంతు, సార్, కొండ ఊరి నుంచి వస్తున్నాం, సగం దారిలో ఉన్నాం, వాతావరణం బ్రహ్మాండంగా ఉంది! ఒక ముసలాయన అడుగుతున్నాడు, అయ్యా, గాల్లో ఉన్నదీ మేమెక్కాల్సిందీ ఒకటేనా? ఓనరు తడుముకోకుండా అన్నాడు, అదే పెద్దాయనా, మన విమానం ప్రత్యేకత, ఒకేసారి రెండు చోట్ల ఉంటుంది, మీరు ఉన్నచోట మాత్రం ఉండదు. జనం ఇంత నవ్వు ఎప్పుడూ నవ్వలేదు, చప్పట్లు కొడుతున్నారు, ఆగడంలేదు. సున్నా పెట్టి అక్క వైపు చూశాను. అక్క నవ్వలేదు. కనుబొమలు కాస్త పైకెత్తి రేడియో వైపు చూస్తోంది, ఆలస్యంగా వచ్చిన డ్రైవరు సాకులు చెబుతున్నప్పుడు చూసేది అలాగ, ఇప్పుడా వచ్చేది అన్నట్టు.

పెన్సిలు ఆగిపోయింది. రేడియోలో జనం ఇప్పుడు నవ్విన దానికి అక్క ఎప్పుడో నవ్వేసింది. టైములు చదువుతున్నప్పుడే. పదీ ఇరవైకి అక్కడ బయల్దేరి పదకొండూ పదికి వచ్చే బండి, ఇక్కణ్నుంచి పదీ నలభై ఐదుకి ఎలా కదులుతుంది? నేను కాగితం మీద వేసుకుంటే తప్ప తెలియని లెక్క. ఆ బొటనవేలు. నరాలు కాదు, కణుపులు. గాజు గదిలో కాలిక్యులేటరు ఉండేది, అక్క ముట్టుకునేది కాదు, నాలుగు వేళ్లకి పన్నెండు కణుపులు, కణుపుకి ఐదు నిమిషాలు, చేతిలోనే గంట ఉందే అనేది. కుడి చేత్తో మైకు పట్టుకుని ఎడమ చేతి బొటనవేలు కణుపుల మీద నడిపిస్తూ ఏ బస్సు ఏ బస్సుకి అడ్డం వస్తుందో చెప్పేసేది. నా వేళ్ల మీద నేను వేసుకుని చూశాను, పదీ ఇరవై, ఒకటి రెండు మూడు నాలుగు ఐదు, ఐదో కణుపు పదీ నలభై ఐదు, ఇంకా ఐదు కణుపులు పోతే పదకొండూ పది. సరిగ్గా మధ్యలో, గాల్లో. ఆ అమ్మాయి నోట్లోంచి నలభై ఐదు అనే మాట వచ్చిందో లేదో అక్క బొటనవేలు ఆ కణుపు మీద ఆగి ఉంటుంది. ఊరికే అని రాసినదాన్ని కొట్టేశాను. కొట్టేసి మళ్లీ భయమేసింది, ఒక్క గీతే కదా, పదిసార్లు ఊరికే నవ్వే మనిషి పదకొండోసారి ఊరికే నవ్వినప్పుడు సరిగ్గా అక్కడ పడిందేమో. కాని వేళ్లు ఊరికే లెక్కపెట్టవు. పెడతాయా? పెట్టవు. అవును అనే గడిలో టిక్కు పెట్టాను, పెన్సిలుతో కాదు, పెన్నుతో, చుక్క పెట్టేటప్పుడులా ఊపిరి బిగబట్టి.

ఊపిరి వదిలాక సంతోషం వస్తుందనుకున్నాను. రాలేదు, ఏదో వచ్చింది, ఏమిటో తెలియలేదు. అర్థమవుతోంది అంటే ఇవాళ మధ్యాహ్నం నుంచి కాదు కదా. నాలుగు నెలల నుంచీ. ఆస్పత్రిలో మంచానికి అటొకరు ఇటొకరు నిలబడి అన్నయ్యా నేనూ ఎవరు చూసుకోవాలని వాదించుకున్నది. అన్నయ్య, ఇది ఇంకెన్నేళ్లు అని డాక్టర్ని అడిగింది. పక్కింటావిడ ముక్కు మూసుకుని కిటికీ తెరవమన్నది. ఇక నేను, పోయిన నెలలో, పనిలోంచి వచ్చి అన్నం కూడా తినకుండా పక్క మార్చి, రెండోసారి మార్చాల్సివచ్చి, దుప్పటి ఆ చివర పక్కింటావిడ పట్టుకుంటే ఈ చివర నేను పట్టుకుని, అక్క మీదుగా, నెమ్మదిగా కూడా కాదు, మామూలు గొంతుతో, ఆ రోజే పోయుంటే తనకీ సుఖం, నాకూ సుఖం అన్నాను. అక్క నవ్వింది. నవ్వింది కాబట్టి వినలేదనుకున్నాను, ఆ నవ్వుని పట్టుకుని ఆ రాత్రి నిద్రపోయాను, డాక్టరు మాట దేవుడిమాటలా తలకింద పెట్టుకుని. అది ఏ నవ్వు? నరాలదా, లేక ఏడవాల్సినచోట స్విచ్చు తప్పిపడిన నవ్వా, లేక నా మొహం చూసి, చుక్కమ్మకి ఎంత కోపమొచ్చిందో అని నవ్విందా? ఏ అద్దం వేసుకుని చూడను? అక్కకి అర్థం కావాలని మూడు వారాలు సున్నాలు గీతలు పెట్టాను, ఇప్పుడు అర్థమైందని తెలిశాక, ఆ ఒక్కరోజు మాత్రం అర్థం కాకుండా ఉంటే బాగుండునని చూస్తున్నాను. అలా ఒక్కరోజుకి ఉంటుందా ఎక్కడైనా? ఇప్పుడు కూడా కాదు అనే గడిలో ఒక టిక్కు పెట్టి అవును కొట్టేస్తే చాలు, అక్క వెళ్లిపోతుంది, తను విన్నదో లేదో నేను ఎప్పటికీ తెలుసుకోనక్కర్లేదు. ఇలాంటి ఆలోచన నాకే వచ్చిందా అని ఆశ్చర్యపోయాను, వచ్చింది, నాకే, ఈ గదిలో ఇంకెవరున్నారు.

ఫోను మోగింది. అన్నయ్య. టోల్ గేటు దాటాం, గంటలో అక్కడుంటాం, తయారుగా ఉన్నారా అన్నాడు. వ్యాను పంపించెయ్యి అన్నయ్యా, నువ్వు మాత్రం రా అన్నాను. అదేంటి, ఏం పెట్టావ్ అన్నాడు. అవును పెట్టాను. అయితే మనం అన్నవన్నీ... అన్నాడు మెల్లిగా. అన్నీనే అన్నాను. వస్తున్నాను అన్నాడు, గొంతు చిన్నపిల్లాడిలా ఉంది.

రేడియోలో విమానం దిగుతోంది, ప్రయాణికులు తోసుకుంటున్నారు, ఓనరు ఎవరికో ఇంటర్వెల్ అని చెబుతున్నాడు, ఇంకా రెండు నిమిషాల నాటకం ఉంది, చివర్లో ఎప్పుడూ ఒక మంచి జోకుంటుంది. నోట్‌బుక్కు మూసి కింద పెట్టి కుర్చీ మంచం దగ్గరికి లాక్కున్నాను. అక్క నా వైపు తిరిగింది. ఆ మొహంలో నవ్వుందో ఏడుపుందో వెతకడం మానేసి కళ్లకేసి చూశాను, రోజూ ముక్కూమొహం తెలియనివాళ్ల కళ్లలోకి చూసేదాన్ని, అక్క కళ్లలోకి చూసి నాలుగు నెలలైంది.

"అక్కా," అన్నాను, "ఆ రోజు దుప్పటి మారుస్తూ నేనొక మాటన్నాను..."

జనం నవ్వుల్లో నా మాట కలిసిపోయింది. అక్క ఎడమ చెయ్యి దుప్పటి మీద కదిలింది, మంచం అంచుదాకా పాకింది, చిన్న బల్ల దాకా సాగింది, వేళ్లు రెండుసార్లు జారి మూడోసారికి పట్టు దొరికి, రేడియో కట్టేసింది.